కుస్కో జట్టు, అరెకిపా మైదానం

మొదటి రోజు, లిమా

జూలైలో లిమా ఆకాశం బూడిద రంగులో ఉంటుంది. వాన పడదు, ఎండ రాదు. తుంపరకు కూడా తక్కువైన ఒక తేమ ముఖానికి తగులుతూ ఉంటుంది. దాన్ని ఇక్కడివాళ్లు గరూవా అంటారు. విమానాశ్రయం నుంచి వచ్చే దారంతా గోడల మీద మూడు జట్ల పేర్లే కనిపించాయి. అలియాన్సా లిమా, యూనివర్సితారియో, స్పోర్టింగ్ క్రిస్టల్. పెరూలో ఫుట్‌బాల్ అంటే చాలాకాలం ఈ నగరం, పక్కనున్న కయావ్ రేవు, అంతే. బయటి ఊళ్ల జట్లను జాతీయ లీగ్‌లోకి రానిచ్చింది 1966లో. ఆ మరుసటి ఏడాది కోపా పెరూ అనే పోటీ పెట్టి, జిల్లాల నుంచి మెట్టు మెట్టుగా పైకి రావడానికి దారి చూపించారు.

"ఏ జట్టు చూడటానికి వచ్చారు?" అని టాక్సీ ఆయన అడిగాడు. నాకొచ్చిన స్పానిష్ కొద్దిపాటిదే. మా అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పుణ్యమా అని ఆ భాష చెవిన పడటం కొత్త కాదు. విసెంటే ఫెర్రర్ గారు 1969లో మా ఊరొచ్చి ఆ సంస్థ పెట్టినప్పటి నుంచి స్పెయిన్ వాళ్లు వస్తూ పోతూనే ఉన్నారు. నేను బంతి తన్నడం నేర్చుకున్నదీ, ఇప్పుడు నా కూతురు గోలీగా నిలబడుతున్నదీ ఆ ఊళ్లోనే.

"సియెన్సియానో," అన్నాను. కొండల్లో ఉన్న కుస్కో ఊరి జట్టు అది.

ఆయన అద్దంలోంచి నన్ను చూసి, తనది అలియాన్సా అని చెప్పాడు. కాసేపాగి, "కానీ ఆ రాత్రి నేనూ కుస్కో వాణ్నే," అన్నాడు. ఏ రాత్రి అని నేను అడగలేదు. 2003 డిసెంబర్ 19. దక్షిణ అమెరికా క్లబ్బుల పోటీ కోపా సూదమెరికానాను సియెన్సియానో గెలిచిన రాత్రి. ఆ తేదీ కోసమే ఇంత దూరం వచ్చాం.

రెండో రోజు, కుస్కో

విమానం గంటన్నర లోపే కొండల మధ్య దిగింది. సముద్రమట్టం నుంచి 3,399 మీటర్ల ఎత్తు. తిరుమల కొండకు దాదాపు నాలుగింతలు. సామాన్ల బెల్టు దగ్గర నిలబడే సరికే నా కణతలు కొట్టుకోవడం మొదలైంది. బస చేసిన చోట గడప దాటగానే ఇంటి పెద్దమ్మ వేడినీళ్లలో కోకా ఆకులు వేసి చేతికిచ్చింది. "ఈ రోజు నడవకండి, ఎక్కువ తినకండి, పడుకోండి," అంది. ఈ కొండ జబ్బును వాళ్లు సొరోచె అంటారు. మా పాపకు ఏమీ కాలేదు. దానికి పదిహేనేళ్లు. నేను దుప్పటి కప్పుకుని పడుకుంటే అది కిటికీలోంచి ఎర్ర పెంకుల కప్పులు లెక్కపెడుతూ కూర్చుంది.

"నాన్నా, ఇంత ఎత్తులో ఆడితే ఎవరైనా గెలుస్తారు కదా. వచ్చినోళ్లు ఊపిరాడక పడిపోతారు."

ఆ మాట నాకు కొత్త కాదు. కుస్కో జట్టు గురించి దక్షిణ అమెరికా అంతటా అనే మాటే అది. గెలిచింది ఆటగాళ్లు కాదు, కొండ అని. తలనొప్పితో పడుకున్నవాడికి అది నిజమనే అనిపిస్తుంది కూడా. ఆ ఎత్తులో గాలి పలచబడుతుంది, ప్రతి శ్వాసకూ అందే ఆక్సిజన్ తగ్గుతుంది. బంతికి గాలి అడ్డు తగ్గి, కింద ఊళ్లలో కంటే వేగంగా, తక్కువ వంపుతో వెళ్తుంది. గోలీకి అది పెద్ద చిక్కు. 2007లో ఫిఫా 2,500 మీటర్లు దాటిన చోట అంతర్జాతీయ మ్యాచ్‌లు వద్దని నిషేధం పెట్టింది. కొండ దేశాలన్నీ ఒక్కటై గొడవ చేస్తే తర్వాత వెనక్కి తగ్గింది. పుట్టి పెరిగిన ఊళ్లో బంతాట ఆడుకోవద్దని ఎవరో దూరం నుంచి చెప్పడం నాకు ఈనాటికీ అన్యాయంగానే తోస్తుంది.

కానీ సియెన్సియానో విషయంలో కొండ వాదన నిలబడదు. "దానికి జవాబు ఎల్లుండి మైదానం దగ్గర చెప్తాను," అని కళ్లు మూసుకున్నాను.

మూడో రోజు, బడి

తల తేలికపడింది. పొద్దున్నే సాన్ ఫ్రాన్సిస్కో ప్లాజాకు నడిచాం. ఒక వైపు చర్చి. దానిని ఆనుకుని పాత రాతి గోడలతో ఒక బడి. కొలెహియో నసియొనాల్ దె సియెన్సియాస్, అంటే జాతీయ విజ్ఞాన శాస్త్రాల పాఠశాల. 1825లో స్వాతంత్ర్య యుద్ధం ముగించుకుని కుస్కోకు వచ్చిన సిమోన్ బొలీవార్, జూలై 8న ఆజ్ఞ జారీ చేసి ఈ బడి పెట్టించాడు. ఇక్కడ చదివినవాడు సియెన్సియానో. జట్టు పేరు అదే. ఊరి పేరు కాదు, రాజు పేరు కాదు, ఏ కంపెనీ పేరూ కాదు. ఒక బడి పిల్లలు తమను తాము పిలుచుకునే పేరు.

క్లబ్ పుట్టింది 1901 జూలై 8న. ఈ బడి విద్యార్థులే పెట్టుకున్నారు. అంటే బడికీ జట్టుకీ పుట్టినరోజు ఒకటే. మేం వచ్చేసరికి ఆ రోజు దాటిపోయింది, అయినా గేటు మీద ఎర్రటి, తెల్లటి కాగితపు తోరణాలు ఇంకా ఉన్నాయి. ఇంటర్వెల్ గంట కొట్టగానే లోపల్నుంచి కేకలు. బంతి గోడకు తగిలిన చప్పుడు. పాప గేటు సందులోంచి చూస్తూ, "మన బడిలాగే ఉంది," అంది. నిజమే. నూట పాతికేళ్ల కింద కూడా అదే చప్పుడు వినిపించి ఉంటుంది.

ఆ జట్టు దశాబ్దాలపాటు ఊరి పోటీల్లో, జిల్లా పోటీల్లో ఆడుతూ, జాతీయ లీగ్‌లోకి ఎక్కుతూ దిగుతూ ఉంది. లిమా పత్రికలకు అది పెద్ద వార్త కాదు. 2001లో లీగ్ రెండో అర్ధభాగపు టైటిల్, దాన్ని క్లౌసురా అంటారు, గెలిచాక గానీ దేశం తల తిప్పి చూడలేదు.

బడి నుంచి సాన్ పెద్రో మార్కెట్ నాలుగడుగులు. పొడవాటి రేకుల కప్పు కింద రొట్టెలు, జున్ను, నూరు రకాల బంగాళాదుంపలు. ఒక అమ్మ బొటనవేలి గోరంత గింజలున్న మొక్కజొన్న కండె ఉడకబెట్టి, పక్కన జున్నుముక్క పెట్టి ఇచ్చింది. ఇంకో గంపలో వేయించిన చెనక్కాయలు. దాన్ని చూడగానే ఇద్దరం ఆగిపోయాం. మా అనంతపురం ఎర్రనేలలకు చెనక్కాయ తప్ప వేరే బతుకు లేదని అనుకుంటూ పెరిగినవాణ్ని. ఆ కాయ అసలు పుట్టిల్లు ఈ ఖండం. ఉత్తర పెరూలో సిపాన్ ప్రభువు సమాధి తవ్వితే బంగారు, వెండి చెనక్కాయల హారం బయటపడింది. పావుకిలో కొన్నాను. ఉప్పు తక్కువ, రుచి మా ఇంటిదే.

అమ్మే ఆమె పాప ఎర్ర చొక్కా చూసి "ఎల్ పపా!" అని నవ్వింది. పపా అంటే నాన్న. అమెరికా ఖండానికే నాన్న అని సియెన్సియానోకు వీళ్లు పెట్టుకున్న ముద్దుపేరు అది. మా తెలుగులో పాప అంటే కూతురని నాకొచ్చిన భాషలో చెప్పడానికి ప్రయత్నించాను. ఆమెకు అర్థమై, పాప బుగ్గ మీద చెయ్యేసి, ఇంకో గుప్పెడు చెనక్కాయలు పొట్లంలో వేసింది.

నాలుగో రోజు, గార్సిలాసో మైదానం

ఊరి మధ్యలో తూపాక్ అమారు ప్లాజా దగ్గర మైదానం. దాని పేరు ఇన్కా గార్సిలాసో దె ల వేగా. స్పెయిన్ వాళ్లకు ముందు ఇక్కడ ఏలిన ఇన్కాల రాకుమార్తెకూ స్పెయిన్ సైనికాధికారికీ 1539లో ఈ ఊళ్లోనే పుట్టి, తల్లి వైపు చరిత్రను స్పానిష్‌లో రాసిపెట్టిన మనిషి ఆయన. మ్యాచ్ లేని రోజు కాబట్టి గేట్లు మూసి ఉన్నాయి. కాపలా ఆయన పాపను చూసి, అయిదు నిమిషాలు మెట్ల మీద నిలబడనిచ్చాడు. చుట్టూ కొండలు, కొండల మీద మట్టి ఇటుకల ఇళ్లు, మధ్యలో పచ్చటి చదరం. ఎండ చురుక్కుమంటోంది, నీడలోకి జరిగితే చలి.

ఇక్కడే చెప్పాను కొండ వాదనకు జవాబు.

2003 కోపా సూదమెరికానా. ముందు సొంత దేశపు పెద్ద జట్టు అలియాన్సా లిమాను దాటారు. తర్వాత చిలీ జట్టు యూనివర్సిదాద్ కతోలికా. క్వార్టర్ ఫైనల్లో సాంతోస్. పెలే ఆడిన క్లబ్, ఆ ఏడాదే ఖండంలోకెల్లా పెద్ద క్లబ్ పోటీ లిబెర్తదోరెస్‌లో ఫైనల్ దాకా వెళ్లిన జట్టు. బ్రెజిల్లో, సముద్రం ఒడ్డున 1-1. కుస్కోలో 2-1. సెమీస్‌లో కొలంబియా జట్టు అత్లెతికో నసియొనాల్. వాళ్ల మెదెయిన్ 1,500 మీటర్ల ఎత్తు. అక్కడికి పోయి 2-1తో గెలిచారు. తిరిగొచ్చి ఇక్కడ 1-0. ఫైనల్ మొదటి మ్యాచ్ బ్యూనస్ ఐరెస్‌లో, అర్జెంటీనా జట్టు రివర్ ప్లేట్ సొంతగడ్డ మీద, డిసెంబర్ 10న. మాన్యుయెల్ పెయెగ్రీని నడిపిస్తున్న జట్టు, ముందు వరుసలో మార్సెలో సలాస్. అక్కడ 3-3.

"అంటే కింద ఊళ్లలో ఒక్కసారి కూడా ఓడిపోలేదా?"

"చిలీలో ఓడిపోయారు. కానీ ఇక్కడ నాలుగు గోల్స్ కొట్టి వెళ్లారు కాబట్టి నిలబడ్డారు. ఆ ఒక్క రౌండ్‌లో కొండ సాయం చేసిందంటే ఒప్పుకుంటాను. సాంతోస్‌లో, మెదెయిన్‌లో, బ్యూనస్ ఐరెస్‌లో ఏ కొండ ఉంది?"

పాప కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గోలీ ఎవరు?" అని అడిగింది. దానికెప్పుడూ మొదటి ప్రశ్న అదే.

ఓస్కార్ ఇబాన్యెస్. అర్జెంటీనాలో పుట్టి, పెరూకు వచ్చి, ఇక్కడి పౌరుడై, పెరూ జాతీయ జట్టుకు గోలీగా నిలబడ్డవాడు. ఫైనల్లో ఎదుట ఉన్నది తను పుట్టిన దేశపు జట్టు. ముందు వరుసలో హెర్మన్ కార్తి. అప్పటికి ముప్ఫై అయిదేళ్లు. చాలామంది ఆట మానేసే వయసులో ఆ టోర్నీ మొత్తానికీ ఎక్కువ గోల్స్ కొట్టాడు, ఆరు. కార్లోస్ లుగో పరాగ్వే నుంచి వచ్చాడు. సెసార్ క్కావాంతికో అని ఇంటిపేరులోనే ఇన్కాల భాష కెచువా మోగే కుర్రాడూ జట్టులో ఉన్నాడు. వీళ్లందరినీ ఒక తాటి మీదికి తెచ్చింది కోచ్ ఫ్రెడీ తెర్నేరో. "సీ సే ప్యుయెదె" అనేవాడు. మనవల్ల అవుతుంది అని అర్థం. ఆ మూడు మాటలు తర్వాత దేశం మొత్తం నోట పడ్డాయి. అప్పటిదాకా ఏ పెరూ క్లబ్బూ ఖండం స్థాయి కప్పు గెలవలేదు. యూనివర్సితారియో 1972లో, క్రిస్టల్ 1997లో లిబెర్తదోరెస్ ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయి వచ్చాయి.

మరి రెండో ఫైనల్ మ్యాచ్ ఈ మైదానంలోనే జరగాలి కదా? జరగలేదు. ఫైనల్ పెట్టాలంటే కనీసం 40,000 మంది కూర్చునే చోటుండాలని ఖండపు సమాఖ్య నిబంధన. అప్పటికి ఈ మైదానం అంత పెద్దది కాదు. తమ ఊరి చరిత్రలోనే పెద్ద మ్యాచ్‌ను కుస్కో తన ఊళ్లో చూడలేకపోయింది. జట్టును అరెకిపాకు పంపించాల్సి వచ్చింది. ఎత్తులో 2,335 మీటర్లు. కుస్కో కంటే వెయ్యి మీటర్లు కింద.

మరుసటి ఏడాది కోపా అమెరికా పెరూలో జరిగింది. ఈ మైదానాన్ని పెంచారు, ఇప్పుడు 42,000 మంది పడతారు. మూడో స్థానం కోసం ఉరుగ్వే, కొలంబియా ఆడింది ఇక్కడే. ఏడెనిమిది నెలల తేడా. మెట్ల మీద నిలబడి ఆ ఖాళీ కుర్చీల వరుసలు చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది. డిసెంబర్ నాటికి ఇవి ఉండి ఉంటే, ఈ కొండల మీది ఇళ్లలోంచి దిగి వచ్చేవాళ్లు కదా జనం, నడుచుకుంటూ.

అయిదో రోజు, బస్సులో

అరెకిపాకు విమానం ఉంది. మేం బస్సే ఎక్కాం. ఆ డిసెంబర్‌లో కుస్కో జనం వేల మంది వెళ్లిన దారి ఇదే. పది గంటలు. మేం పగటి బస్సు తీసుకున్నాం, దారి చూడాలని.

ఊరు దాటాక లోయ, తర్వాత గడ్డి మైదానాలు, అల్పాకా మందలు. ఎంత దూరం చూసినా చెట్టు లేదు. దారి మనుషులుండే చోట కంటే ఎత్తుకు ఎక్కి, మళ్లీ దిగుతుంది. ఈ పీఠభూమి మీదే, ఇంకొంచెం తూర్పున, 3,800 మీటర్ల ఎత్తులో హులియాకా అనే ఊరుంది. అక్కడి బినసియొనాల్ 2019లో జాతీయ ఛాంపియన్ అయింది. లిమా చుట్టుపక్కల కాని జట్లు జాతీయ టైటిల్ గెలిచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1976లో ఉనియోన్ వరాల్ మొదలు. 1981లో, 2015లో అరెకిపా జట్టు మెల్గార్. 2011లో చిక్లాయో జట్టు హువాన్ ఆవురిచ్. ఈ వరుసలో సియెన్సియానో లేదు. ఖండాన్ని గెలిచిన జట్టు సొంత దేశపు లీగ్‌ను ఇప్పటిదాకా గెలవలేదు. 2005లో క్రిస్టల్ వెనక, 2006లో అలియాన్సా వెనక రెండో స్థానంతో సరిపెట్టుకుంది.

"ఆ తర్వాత ఏమైంది?" పాప చెనక్కాయలు ఒలుస్తూ అడిగింది.

2004 సెప్టెంబర్ 7. రెకోపా. సూదమెరికానా గెలిచినవాళ్లకూ లిబెర్తదోరెస్ గెలిచినవాళ్లకూ మధ్య మ్యాచ్. ఎదుట బోకా జూనియర్స్, అర్జెంటీనాదే ఇంకో పెద్ద జట్టు. ఆడింది అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రం ఫోర్ట్ లాడర్‌డేల్‌లో, సముద్రమట్టానికి ఆనుకున్న ఊళ్లో. బోకాకు తెవెస్ గోల్ కొట్టాడు. 89వ నిమిషంలో రోద్రిగో సరాస్ సమం చేశాడు. పెనాల్టీల్లో 4-2. రివర్, బోకా రెండూ తొమ్మిది నెలల లోపల ఒక బడి జట్టు చేతిలో ఓడిపోయాయి.

అక్కడి నుంచి దిగడం మొదలైంది. ఫ్రెడీ తెర్నేరో జాతీయ జట్టుకు కోచ్ అయ్యాడు, తర్వాత లిమాలోని సాన్ మార్తీన్ దె పోర్రెస్‌కు మేయర్ అయ్యాడు. 2015 సెప్టెంబర్ 18న క్యాన్సర్‌తో పోయాడు. ఆ ఏడాది చివరికే సియెన్సియానో రెండో డివిజన్‌కు పడిపోయింది. నాలుగేళ్లు అక్కడే. 2019లో ఆ డివిజన్ గెలిచి పైకొచ్చింది.

మా హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ గుర్తొచ్చాడు నాకు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారం గెలిపించి, ఏడాది తిరక్కుండానే క్యాన్సర్‌తో పోయినవాడు. పాపకు ఆయన కథ చెప్పాను. అది బస్సు అద్దానికి తలానించి విన్నది, నిద్రపోలేదు.

ఆరో రోజు, అరెకిపా

పొద్దున లేచేసరికి కిటికీలో అగ్నిపర్వతం. మిస్తి, 5,822 మీటర్లు. ఊరంతా సియార్ అనే తెల్లరాతితో కట్టిన ఇళ్లు, కమానులు. మధ్యాహ్నం రోకోతో రెయెనో తిన్నాం, మాంసం కూరి కాల్చిన పెద్ద మిరపకాయ. సీమవాళ్లం కాబట్టి కారానికి జంకలేదు.

సాయంత్రం సాన్ అగుస్తీన్ విశ్వవిద్యాలయపు మైదానానికి వెళ్లాం. మెల్గార్ సొంత మైదానం ఇది. ఇంకో ఊరి జట్టు ఇల్లు. ఆ రాత్రి మాత్రం ఈ ఊరివాళ్లూ ఎర్ర చొక్కాలు వేసుకున్నారని, అప్పుడు తనకు పన్నెండేళ్లని, గేటు దగ్గరున్న కాపలా కుర్రాడు చెప్పాడు. "మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను," అన్నాడు.

లోపలికి పంపించాడు. గడ్డికి నీళ్లు పడుతున్నారు. పడమట ఎండ మిస్తి మీద ఎర్రగా పడుతోంది.

మొదటి మ్యాచ్ 3-3 కాబట్టి ఇక్కడ ఒక్క గోల్ చాలు, అటైనా ఇటైనా. గంట దాటినా ఎవరూ కొట్టలేదు. 78వ నిమిషంలో సియెన్సియానోకు ఫ్రీకిక్ దొరికింది. కార్లోస్ లుగో తీసుకున్నాడు. బంతి వలలో పడింది. 1-0. అంతటితో అయిపోలేదు. చివరికొచ్చేసరికి ఇద్దరికి రెడ్ కార్డులు, మైదానంలో తొమ్మిది మందే మిగిలారు. సలాస్ ఉన్న రివర్ ముందు తొమ్మిది మంది. ఆ నిమిషాలు అలాగే గడిచాయి. ఈల మోగింది.

"లుగో ఏ వైపు కొట్టాడు?" అని కాపలా కుర్రాణ్ని అడిగాను. చెయ్యి ఎత్తి ఒక గోల్ వైపు చూపించాడు. నేను అటు నడిచాను, ఫొటో తీసుకుందామని. గోల్‌పోస్టు దగ్గరికి వెళ్లి వెనక్కి చూస్తే పాప నాతో లేదు. అది మైదానం అంచు వెంబడి రెండో వైపుకు నడుస్తోంది. గోల్ లైన్ దగ్గర ఆగింది. ఇబాన్యెస్ ఆఖరి నిమిషాలు నిలబడింది అక్కడ. మోకాళ్లు కాస్త వంచి, చేతులు రెండూ చాచి, ఖాళీ మైదానం వైపు చూస్తూ నిలబడింది. నీళ్లు పట్టే ఆయన పైపు పక్కకు తిప్పుకున్నాడు. నేను పిలవలేదు.